బ్రిటన్ పోలీసులు – ప్రజల సమ్మతి – రికార్డు విలువ

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు, కుటుంబ పెన్షను గురించే మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు చదివిన దేదైనా నలుగురికీ చెప్పండి" అన్నారు. బ్రిటన్ పోలీసుల గురించి చెబుతానన్నాను. ఒకరిద్దరు మిత్రులు, "ఆ దేశం పోలీసులతో మనకేం పనండీ?" అని నవ్వారు. పని ఉన్నదని మనవి చేస్తున్నాను. మన పిల్లలు, మనుమలు చాలామంది ఇవాళ అక్కడ చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అంతేకాక మన పోలీసు స్టేషను పునాదిరాయి కూడా ఆ దొరల హయాములో వేసినదే.

నేను పోలీసు శాఖవాణ్ణి కాను. కలెక్టరాఫీసు మెజిస్టీరియల్ సెక్షనులో చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. కనుక ఏ విషయం చదివినా ముందుగా నా కన్ను రికార్డు మీదకే పోతుంది. మన ఆఫీసుల్లో ఒక మాట ఉండేది: రాయనిది జరగనట్లే. బ్రిటన్ పోలీసుల చరిత్ర చదివినప్పుడు నాకు కనిపించినదీ అదే. అక్కడి పోలీసుకు బలం తుపాకీ వల్ల రాలేదు. ప్రజల నమ్మకం వల్ల వచ్చింది. ఆ నమ్మకం నిలిచినదీ, పోయినదీ ఎక్కువగా రికార్డును బట్టే. ఇదే ఈ రోజు నేను చెప్పదలచినది.

ముందుగా కొంచెం చరిత్ర. 1829లో హోం మంత్రిగా ఉన్న రాబర్ట్ పీల్ లండన్ మెట్రోపాలిటన్ పోలీసు చట్టం తెచ్చారు. ఆ ఏడు సెప్టెంబరు 29న మొదటి కానిస్టేబుళ్ళు వీధుల్లోకి వచ్చారు. పీల్ గారి పేరు రాబర్ట్ కనుక జనం వారిని 'బాబీలు' అన్నారు. ఆ పేరు నేటికీ ఉన్నది. సైన్యం ఎర్ర కోటు వేసుకునేది. పోలీసును చూసి సైన్యమనుకోకూడదని నీలం కోటు, పొడుగు టోపీ ఇచ్చారు. చేతికి కర్ర, సాయం పిలవడానికి గిలక ఇచ్చారు. తుపాకీ ఇవ్వలేదు. కాలరు మీద మాత్రం ఒక నంబరు కుట్టించారు. పోలీసు తప్పు చేస్తే దారిన పోయేవాడు ఆ నంబరు గుర్తుపెట్టుకుని ఫిర్యాదు చేయవచ్చు. నా దృష్టిలో ఆ నంబరే ఆ కొత్త శాఖలో మొదటి రికార్డు.

జనం వారిని పూలదండలతో ఆహ్వానించలేదు. ఫ్రాన్సు దేశంలోలాగా ప్రభుత్వం గూఢచారులను వీధుల్లోకి వదిలిందని అనుమానించారు. 1833లో లండన్‌లోని కోల్డ్‌బాత్ ఫీల్డ్స్‌లో జరిగిన సభ మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ గలాటాలో రాబర్ట్ కల్లీ అనే కానిస్టేబులు కత్తిపోటుతో చనిపోయాడు. శవ పంచాయతీ చేసిన జ్యూరీవారు అది 'న్యాయమైన హత్య' అని తీర్పు చెప్పారు! సామాన్య గృహస్థులు పోలీసుల మీద అంత కోపంగా ఉన్న రోజులవి. అక్కడి నుంచి, దారి తెలియకపోతే పోలీసును అడుగు అని తల్లులు పిల్లలకు చెప్పే స్థితికి రావడానికి కొన్ని తరాలు పట్టింది. నేటికీ ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులలో నూటికి తొంభై మందికి పైగా పోలీసులు తుపాకీ లేకుండానే డ్యూటీ చేస్తారు. ఉత్తర ఐర్లండులో మాత్రం పోలీసులు తుపాకీ ధరిస్తారు.

ఉద్యోగ సంఘంవారం కనుక వారి సర్వీసు సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. పోలీసులకు పెన్షనును హక్కుగా ఇచ్చినది 1890 నాటి చట్టం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ధరలు మండిపోయి, జీతాలు చాలక, 1918 ఆగస్టులో లండన్ పోలీసులు సమ్మె చేశారు. ప్రభుత్వం దిగివచ్చి జీతాలు పెంచింది. కమిషనర్ సర్ ఎడ్వర్డ్ హెన్రీ పదవి వదులుకున్నారు. ఈయన అంతకుముందు బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్. వేలిముద్రలను వర్గీకరించే పద్ధతి ఆయన పేరుతో ప్రసిద్ధి అయినా, దాని వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ సబ్ ఇన్‌స్పెక్టర్ల కృషి ఉన్నది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. 1901లో ఆ పద్ధతి స్కాట్లండ్ యార్డుకు వెళ్ళింది. పేరు పై అధికారిది, పని కింది ఉద్యోగిది. ఈ సంగతి మనకు కొత్త కాదు గదా!

1919లో రెండవ సమ్మె జరిగింది. ఈసారి ప్రభుత్వం తలవంచలేదు. లివర్‌పూల్‌లో 900 మందికి పైగా సమ్మెలో దిగారు. అందరినీ డిస్మిస్ చేశారు, ఒక్కరినీ తిరిగి తీసుకోలేదు. వారి పెన్షను కూడా పోయింది. అదే ఏడు చట్టం చేసి పోలీసులకు యూనియన్ హక్కు, సమ్మె హక్కు తీసివేశారు. బదులుగా పోలీసు ఫెడరేషన్ అనే సంఘాన్ని ఇచ్చారు. పెన్షను విలువ తెలిసిన మనకు ఆ లివర్‌పూల్ కుటుంబాల బాధ వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి. ఒకే ప్రభుత్వం రెండు రకాల పోలీసులను తయారు చేసింది. తన సొంత జనానికి ఆయుధం లేని పోలీసునిచ్చింది. ఐర్లండులో మాత్రం తుపాకీ పట్టి బారకాసుల్లో ఉంటూ, పై నుంచి వచ్చే ఆజ్ఞలతో నడిచే కానిస్టేబులరీని పెట్టింది. భారతదేశానికి వచ్చేసరికి ఎక్కువగా ఆ రెండవ నమూనానే తీసుకున్నారు. మద్రాసు రాజధానిలో శిస్తు వసూళ్ళకూ, నేరాలు ఒప్పించడానికీ రైతులను హింసిస్తున్నారని గగ్గోలు పుట్టగా ఒక కమిషన్ విచారించి 1855లో నివేదిక ఇచ్చింది. ఆ హింస నిజమేనని అందులో రాశారు. తరువాత 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో భారత పోలీసు చట్టం వచ్చాయి. ఆ 1859 చట్టమే మనకు 'ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టం' అనే పేరుతో స్వరాజ్యం వచ్చిన తరువాత కూడా కొనసాగింది. నిజాము ఏలుబడిలో ఉన్న తెలంగాణ ప్రాంతానికి 1329 ఫసలీ నాటి చట్టం వేరుగా ఉండేది.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. 1872 సాక్ష్య చట్టం ప్రకారం మన దేశంలో పోలీసు అధికారి ముందు ముద్దాయి చేసిన ఒప్పుకోలు కోర్టులో అతని మీద రుజువుగా చెల్లదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నియమం ఉన్నది. అంటే ఆ దొరలు తాము పెట్టిన పోలీసులను తామే నమ్మలేదన్నమాట. బ్రిటన్‌లో అలా కాదు. పోలీసు ముందు చెప్పిన మాట కోర్టులో చెల్లుతుంది. బలవంతం చేసి రాబట్టినదైతే మాత్రం చెల్లదు. మరి బలవంతం జరిగిందో లేదో తెలిసేదెట్లా? రికార్డు ద్వారానే తెలియాలి. అసలు కథంతా ఇక్కడే ఉన్నది.

1981 ఏప్రిల్‌లో దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. అక్కడ వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఎక్కువ. కుర్రవాళ్ళకు ఉద్యోగాలు లేవు. దొంగతనాలు అరికట్టాలని పోలీసులు మఫ్టీలో దిగి, కొద్ది రోజుల్లోనే 943 మందిని వీధుల్లో ఆపి సోదా చేశారు. అరెస్టు చేసినది 118 మందిని. అంటే ఎనిమిది మందిని ఆపితే ఒకడు దొరికాడు, మిగిలిన ఏడుగురికి అవమానం మిగిలింది. ఊరు భగ్గుమన్నది. లార్డ్ స్కార్మన్ విచారణ జరిపి ఆ ఏడు నవంబరులో నివేదిక ఇచ్చారు. నేరాన్ని పట్టుకోవడం ఎంత ముఖ్యమో, ఊరి శాంతిని కాపాడడం అంతకంటే ముఖ్యమనీ, స్థానికులతో సంప్రదించకుండా పోలీసింగు సాగదనీ దాని సారాంశం.

దాని తరువాత వచ్చినది 1984 నాటి పోలీసు, క్రిమినల్ సాక్ష్యాల చట్టం. అందులోని ఏర్పాట్లు చదువుతుంటే మన డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ గుర్తుకు వచ్చింది. వీధిలో ఎవరినైనా సోదా చేసే ముందు పోలీసు తన పేరు, స్టేషను పేరు, దేనికోసం వెతుకుతున్నాడో, ఎందుకు అనుమానం వచ్చిందో చెప్పాలి. తరువాత రికార్డు రాయాలి. దాని నకలు అడిగి తీసుకునే హక్కు సోదాకు గురైన వ్యక్తికి ఉన్నది. అరెస్టయిన వానిని స్టేషనుకు తీసుకువస్తే, ఆ కేసు దర్యాప్తుతో సంబంధం లేని కస్టడీ ఆఫీసరు అతని బాధ్యత తీసుకుంటాడు. ఎన్ని గంటలకు వచ్చాడు, ఎప్పుడు భోజనం పెట్టారు, ఎప్పుడు డాక్టరు చూశాడు, ఎప్పుడు వకీలుతో మాట్లాడాడు, అన్నీ కస్టడీ రికార్డులో ఎక్కాలి. వకీలు సలహా ఉచితం. మామూలుగా 24 గంటలు, తీవ్రమైన నేరమైతే పై అధికారి అనుమతితో 36 గంటలు, ఆపైన మెజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటేనే గరిష్ఠంగా 96 గంటలు. ఉగ్రవాద కేసులకు నియమాలు వేరు.

ప్రశ్నించేటప్పుడు మాటలు టేపులో రికార్డు చేసే పద్ధతి కూడా ఆ తరువాత స్థిరపడింది. అసలు టేపును ముద్దాయి కళ్ళముందే సీలు వేసేవారు. సామాన్య పౌరులు చెప్పాపెట్టకుండా స్టేషనుకు వెళ్ళి, కస్టడీలో ఉన్నవారిని చూసి వచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. ఆ స్వచ్ఛంద సేవలో మనలాంటి రిటైరైనవారూ ఉంటారు. తరువాత 1986లో క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసు మొదలై, కేసు నడిపే బాధ్యత పోలీసుల చేతి నుంచి వేరయింది. పట్టేవాడొకడు, కేసు నడిపేవాడొకడు.

ఇంత రికార్డు ఎందుకు అని కొందరు పోలీసులు విసుక్కున్నారు. కారణం చెబుతాను. 1974లో గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో పబ్బులలో బాంబులు పేలాయి. నలుగురిని పట్టుకుని, ఒప్పుకోలు పత్రాల ఆధారంతో 1975లో యావజ్జీవ శిక్ష వేశారు. చాలా ఏళ్ళ తరువాత వేరొక జిల్లా పోలీసులు ఆ పాత ఫైళ్ళు తిరగేశారు. ప్రశ్నిస్తున్నప్పుడు అక్కడికక్కడే చేత్తో రాసుకున్నవని కోర్టులో చూపిన నోట్సు ఒకటి ఉన్నది. ఫైలులో టైపు చేసిన మరొక ప్రతి దొరికింది. దాని మీద దిద్దుబాట్లున్నాయి. చేతిరాత ప్రతి చూస్తే, ఆ దిద్దుబాట్లన్నీ చేరిన శుద్ధ ప్రతిలాగా ఉన్నది! చిత్తుప్రతి ఏదో, ఫెయిర్ కాపీ ఏదో గుర్తించడం గుమాస్తాకు అన్నంతో పెట్టిన విద్య. 1989 అక్టోబరులో ఆ నలుగురినీ విడుదల చేశారు. కాగితమే వారిని లోపలికి పంపింది, కాగితమే బయటకు తెచ్చింది.

రెండవ ఉదాహరణ ఇంకా బాధాకరమైనది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఫుట్‌బాల్ ఆట చూడవచ్చిన జనం తొక్కిసలాటలో నలిగిపోయారు. ఆనాటి గాయాలతో 2021లో మరణించిన ఆయనతో కలిపి మొత్తం 97 మంది చనిపోయారు. జనాన్ని అదుపు చేయడంలో పోలీసుల లోపం ఉండగా, నింద ప్రేక్షకుల మీద వేశారు. 2012లో స్వతంత్ర కమిటీ రికార్డులన్నీ తెరిపించింది. 164 వాంగ్మూలాలు గణనీయంగా మార్చినట్టు, వాటిలో 116 చోట్ల పోలీసులకు ప్రతికూలమైన మాటలు తీసివేసినట్టు, లేక మార్చినట్టు తేలింది. 2016లో జ్యూరీ అవి చట్టవిరుద్ధమైన మరణాలని నిర్ణయించింది. తల్లిదండ్రులు 27 ఏళ్ళు ఆ ఒక్క మాట కోసం తిరిగారు. ప్రభుత్వోద్యోగులు విచారణల్లో నిజం దాచకూడదనే చట్టం కోసం ఆ కుటుంబాలు పోరాడగా, 2025 సెప్టెంబరులో పార్లమెంటులో ఆ బిల్లు ప్రవేశపెట్టారు.

మూడవది, స్టీఫెన్ లారెన్స్ అనే పద్దెనిమిదేళ్ళ నల్లజాతి విద్యార్థి. 1993 ఏప్రిల్ 22 రాత్రి ఆగ్నేయ లండన్‌లో బస్సు కోసం నిలబడ్డవాణ్ణి తెల్ల కుర్రవాళ్ళ గుంపు పొడిచి చంపింది. దర్యాప్తు అస్తవ్యస్తంగా సాగింది. తల్లిదండ్రులు వదిలిపెట్టలేదు. 1999 ఫిబ్రవరిలో సర్ విలియం మాక్‌ఫర్సన్ నివేదిక, లండన్ పోలీసు శాఖలో వ్యవస్థాగతమైన జాతి వివక్ష ఉన్నదని తేల్చి 70 సిఫారసులు చేసింది. ఇద్దరు నేరస్థులకు శిక్ష పడినది 2012లో. అంటే పందొమ్మిదేళ్ళకు.

ఇంతటితో అంతా చక్కబడిందని చెప్పలేను. 2021 మార్చిలో సారా ఎవరార్డ్ అనే యువతిని ఒక పోలీసు ఉద్యోగే తన గుర్తింపు కార్డు చూపి, అరెస్టు చేస్తున్నట్టు నటించి, కారెక్కించుకుపోయి హత్య చేశాడు. కంచే చేను మేయడమంటే ఇదే. ఏ కార్డు చూసి పౌరుడు నమ్మాలో, ఆ కార్డే ఉరితాడయింది. 2023 మార్చిలో బారోనెస్ కేసీ నివేదిక లండన్ పోలీసు శాఖలో జాతి వివక్ష, స్త్రీల పట్ల చిన్నచూపు వ్యవస్థలోనే పాతుకుపోయాయని రాసింది. మాక్‌ఫర్సన్ చెప్పిన ఇరవై నాలుగేళ్ళకు మళ్ళీ అదే మాట! అధికారిక లెక్కలలో నేటికీ జనాభాతో పోల్చి చూస్తే సోదాలకు గురయ్యేవారిలో నల్లజాతివారే ఎక్కువ.

అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ చేదు నిజాలన్నీ మనకు తెలిసినది వారి ప్రభుత్వ నివేదికల ద్వారానే. తమ పోలీసుల తప్పు తామే రాసి, అచ్చువేసి, పది మంది ముందు పెట్టారు. ఆలస్యంగానైనా, కుటుంబాలు మెడలు వంచితేనైనా ఆ పని జరిగింది.

పర్యవేక్షణ గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండు, వేల్సులకు ప్రాంతాలవారీగా 43 పోలీసు దళాలున్నాయి. స్కాట్లండులో 2013లో ఎనిమిది దళాలను కలిపి ఒకటి చేశారు. తీవ్రమైన ఫిర్యాదులను విచారించడానికి స్వతంత్ర కార్యాలయం ఉన్నది. 2012 నుంచి చాలా ప్రాంతాల్లో పోలీసు, క్రైమ్ కమిషనర్లను ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటున్నారు. అయితే ఓటర్లకు ఆసక్తి తక్కువగా ఉండడంతో ఈ పదవులను 2028లో రద్దు చేస్తామని ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. పొదుపు పేరుతో 2010 తరువాత దాదాపు 20 వేల మంది పోలీసులను తగ్గించారు. 2019 నుంచి మళ్ళీ అంతమందిని చేర్చుకున్నారు. ఖాళీలు నింపకుండా పని చేయమనడం, అనుభవజ్ఞులు పోయాక కొత్తవారిని ఒక్కసారిగా చేర్చుకోవడం మనం చూడనివా?

మా అమ్మాయి దగ్గర ఆ దేశంలో కొన్ని నెలలు ఉన్నప్పుడు అల్లుడి సైకిలు ఇంటి ముందు నుంచి పోయింది. ఫోను చేస్తే పోలీసులెవరూ రాలేదు. ఒక నంబరు మాత్రం ఇచ్చారు. సైకిలు దొరకలేదు. అక్కడివారూ చిన్న దొంగతనాలను పట్టించుకోరని సణుగుతూనే ఉంటారు. ఆ నంబరుతో ఇన్సూరెన్సు డబ్బు మాత్రం వచ్చింది. అది చూసి నేను, "చూశావా అమ్మాయ్, తపాలుకు నంబరు పడితే సగం పని అయినట్టే" అన్నాను.

పిల్లలు అక్కడ ఉన్నవారికి రెండు మూడు సూచనలు. అత్యవసరమైతే 999, కాకపోతే 101. ఏ ఫిర్యాదు చేసినా రిఫరెన్సు నంబరు అడిగి రాసుకోమనండి. పోలీసు ఆపితే వాదనకు దిగకుండా, మర్యాదగా కారణం అడగమనండి. సోదా చేస్తే నకలు తీసుకోమనండి. మఫ్టీలో ఉన్నవారు పోలీసులమంటే నిర్ధారించుకునే హక్కు ఉన్నది. పోలీసులమని ఫోను చేసి డబ్బు పంపమన్నవారు నూటికి నూరుపాళ్ళూ మోసగాళ్ళే. ఇది ఇక్కడి మనకూ వర్తిస్తుంది.

మిత్రులారా, మన చట్టంలోనూ ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలని ఉన్నది. మనలో ఎంతమందిమి అడిగి తీసుకున్నాము? స్టేషనుకు వెళ్ళడానికే జంకుతాము. మన కాలనీలో ఏ వితంతు పెన్షనరుకో ఆ అవసరం పడితే, చదువుకున్న మనం ఇద్దరం తోడు వెళ్ళి, నకలు చేతికి వచ్చేదాకా కూర్చుందాం. ముప్పై ఏళ్ళు కాగితాల మధ్య బతికినవాళ్ళం, ఆ మాత్రం ఓపిక మనకున్నది. మన సంఘం తరపున అలా తోడు వెళ్ళడానికి ఇష్టపడే సభ్యుల పేర్లు ఒక జాబితాగా రాసి కార్యదర్శి గారి దగ్గర ఉంచవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను. మొదటి పేరు నాది రాసుకోండి.